ఇరవైనాలుగు మందికి తోట ఇల్లు: ముందు నీళ్ల ట్యాంకు చూడండి

తోటలో ఇల్లు అద్దెకిచ్చే ఓనరు వాట్సాప్‌లో ఫోటోలు పంపుతాడు. ఊయల, మామిడి చెట్లకు చుట్టిన సీరియల్ లైట్లు, వాకిట్లో ముగ్గు. ఫోన్ చేస్తే "అన్నీ ఉండాయి సార్, పాతిక మంది దాకా పడుకోవచ్చు, మీరొచ్చేయండి" అంటాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పాతిక మంది పడుకోవచ్చు. ఆ పాతిక మందీ పొద్దున్నే ఒకేసారి లేస్తారు, చిక్కంతా అక్కడ.

లెక్కకు ఆరు కుటుంబాలు, ఇరవైనాలుగు మంది అనుకుందాం. పెద్దవాళ్లు పద్దెనిమిది మంది, పిల్లలు ఆరుగురు. పెద్దవాళ్లలో నలుగురు అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు. రెండు రాత్రుళ్లు బస. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చంద్రగిరి, రంగంపేట చుట్టుపక్కలైనా, పుత్తూరు, నారాయణవనం వైపైనా, పలమనేరు రోడ్డులోనైనా తోట ఇళ్ల తీరు ఇంచుమించు ఒకటే. ఓనరు తన కుటుంబం కోసం కట్టుకున్న ఇల్లు, తర్వాత రెండు గదులు పెంచి అద్దెకు పెట్టింది. గదులు పెరిగాయి కానీ ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు మీటరు పాతవే ఉంటాయి.

మనిషికి రోజుకు స్నానానికీ, దొడ్డికీ, బట్టలకూ, గిన్నెలకూ కలిపి వంద లీటర్లు వేసుకోండి. ఇరవైనాలుగు మందికి 2,400 లీటర్లు. మేడమీద ఉండేది వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. అంటే రోజుకు రెండున్నర సార్లు నిండాలి. "బోరు ఉంది కదా సార్" అంటారు. బోరు ఉంటుంది, కానీ మోటారు ఏ కరెంటు మీద నడుస్తుందో అడగండి. తోట బోర్లు చాలావరకు వ్యవసాయ త్రీఫేస్ లైను మీద ఉంటాయి. ఆ లైనుకు కరెంటు ఇచ్చేది రోజుకు 9 గంటలు, అదీ వాళ్లు పెట్టిన వేళల్లోనే. ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, మోటారు మాత్రం వేయలేరు. రాత్రి పది గంటలకు ట్యాంకు ఖాళీ అయితే మరుసటి రోజు త్రీఫేస్ వచ్చేదాకా చెంబు పట్టుకుని నిలబడాల్సిందే. ఇంటి మీటరు మీద సింగిల్ ఫేస్ మోటారు వేరుగా ఉంటే మంచిది. లేకపోతే కింద సంపు ఉందా, దాన్నుంచి పైకి తోడే చిన్న మోటారు ఉందా అని అడగండి. రెండూ లేని ఇంటికి అడ్వాన్సు ఇవ్వకండి, ఎంత అందంగా ఉన్నా.

తాగే నీళ్లు వేరే లెక్క. మన జిల్లాల్లో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. నోటికి పట్టకపోవడం ఒక్కటే కాదు, ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. కాబట్టి పప్పుకూ చారుకూ కూడా క్యాన్ నీళ్లే వాడాలి. తాగడానికి మనిషికి మూడు లీటర్లు, వంటకు ఓ నలభై లీటర్లు. 20 లీటర్ల క్యాన్లు రోజుకు ఆరు అవుతాయి, ఏడు చెప్పండి. మే నెలలో అయితే పది. ఊరి నుంచి క్యాన్లు తెచ్చేవాడి నంబరు ఓనరు దగ్గర ముందే తీసుకోండి, ఆదివారం వస్తాడో రాడో కూడా కనుక్కోండి.

బాత్రూముల దగ్గర జనం మరిచిపోయేది ఒకటుంది. స్నానాల గదీ, లెట్రినూ ఒకటే అయితే, లోపల ఒకరు పోసుకుంటున్నంతసేపు లెట్రిన్ కూడా మూసినట్టే. పద్దెనిమిది మంది, మనిషికి 12 నిమిషాలు, మూడు బాత్రూములు: డెబ్బై రెండు నిమిషాలు. ఒకరి వెనక ఒకరు సిద్ధంగా నిలబడితేనే ఇది. మామూలుగా రెండు గంటలు పడుతుంది. పనివాళ్ల కోసం బయట కట్టిన లెట్రిన్ ఒకటి తోటలో ఉంటుంది, దాన్ని కడిగించి తాళం తీసి ఉంచమనండి. పిల్లలను మోటారు గొట్టం కింద వదిలేస్తే వాళ్లకూ పండగ, మనకూ క్యూ తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులవాళ్లకు కింది అంతస్తులో, వెస్టర్న్ కమోడ్ ఉన్న గది ముందే రాసిపెట్టేయాలి. అక్కడికి వెళ్లాక "అత్తయ్యా, మీరు పైన సర్దుకోండి" అని ఏ కోడలు అనగలదు?

ఫ్లష్ చేసినప్పుడు గుడగుడమని శబ్దం వచ్చి నీళ్లు మెల్లగా దిగుతున్నాయంటే సెప్టిక్ ట్యాంకు నిండి ఉండొచ్చు. అయిదుగురి ఇంటికి కట్టిన గుంత, రెండు రోజుల్లో ఇరవైనాలుగు మందికి చాలదు. వానాకాలంలో నేల తడిసి ఉంటే నీళ్లు ఇంకక వెనక్కి తంతుంది. చివరిసారి ఎప్పుడు తోడించారని మొహమాటం లేకుండా అడగండి. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజే అన్ని ఫ్లష్‌లూ వరసగా నొక్కి చూడండి.

కరెంటు లెక్క ఇంకా సులువు. ఇంటికి సింగిల్ ఫేస్, మెయిన్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి) 32 ఆంపియర్లు అనుకుంటే, అది మోసేది దాదాపు 7 కిలోవాట్లు. ఒక్కో గీజరు 2 కిలోవాట్లు, ఒకటిన్నర టన్నుల ఏసీ ఒకటిన్నర కిలోవాట్ల చుట్టూ. తెల్లవారుజామున మూడు గీజర్లు, రెండు ఏసీలు నడుస్తుంటే తొమ్మిది. టప్‌మని ఎంసీబీ పడిపోతుంది, అందరూ ఓనరును తిడతారు. పడిపోవడమే దాని పని, బలవంతంగా పైకి నెట్టి కట్టెపుల్ల ఆనించకండి. స్నానాల వేళ ఏసీలు ఆపేస్తే సరి. 25 లీటర్ల గీజరు అరగంటకు వేడెక్కుతుంది, చన్నీళ్లు కలుపుకుంటే రెండు మూడు బకెట్లు వస్తాయి, మళ్లీ అరగంట ఆగాలి. ఇంతమందికి గీజరు మీద ఆధారపడడం దండగ. పెరట్లో మూడు రాళ్లు పెట్టి పెద్ద అండాతో నీళ్లు కాచడమే మేలు, తోటలో ఎండుకొమ్మలకు కరువుండదు. లైను చివరన ఉన్న తోటల్లో వోల్టేజీ కూడా తక్కువే, స్టెబిలైజరు లేని ఏసీ ఫోటోలో మాత్రమే చల్లగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి నా ఓటు డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా. మామిడికాయల కాలంలో తోటలో ఉండాలని చాలామందికి సరదా. జూన్, జూలైలలో తోతాపురి కోతలు, ట్రాక్టర్లు, కుళ్లిన కాయల మీద ముసిరే ఈగలు. ఓనరుకు మన ఫోన్ ఎత్తే తీరికే ఉండదు. పూత మీద మందు కొట్టే రోజులు ముందే కనుక్కుని తప్పించుకోండి, ఆ వాసన రెండు రోజులు పోదు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు తిరుపతి వీధులే మునిగాయి, తోట దారుల సంగతి చెప్పేదేముంది. ఆ నెలల్లో బుక్ చేస్తే వాన వల్ల రద్దయితే అడ్వాన్సు ఏమవుతుందో రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్ మెసేజీగానైనా తీసుకోండి. వానల తర్వాత వెళ్తే తలకోన జలపాతంలో నీళ్లు నిండుగా ఉంటాయి, అనపకాయలు వస్తాయి, పితికిపప్పు చేసుకోవచ్చు. ఇంకేం కావాలి.

తిరుమల దర్శనం కూడా పెట్టుకుంటే తేదీలు తిరగేసి ఆలోచించాలి. ముందు 300 రూపాయల టికెట్లు, తర్వాత ఇల్లు. టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు, ఇరవైనాలుగూ ఒకే స్లాటులో దొరకడం కష్టం, రెండు జట్లుగా వెళ్లడానికి సిద్ధపడండి. బ్రహ్మోత్సవాలకూ, వైకుంఠ ఏకాదశికీ ఇటు రాకపోవడమే మంచిది, తిరుపతిలో బండ్లు కూడా దొరకవు. ఇంకో సంగతి: కొండకు వెళ్లే రోజు మొదట, నాటుకోడి తర్వాత. ముందు రోజు కోడి తిని కొండెక్కడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. బండిలో మిగిలిన మందు సీసాలో, సిగరెట్ పెట్టెలో ఉంటే కొండ కింద అలిపిరి తనిఖీలో ఆగిపోతారు. ఆ సంచి తోట ఇంట్లోనే దింపేయండి.

బండి మాట్లాడేముందు తోట గేటు వెడల్పు, దారిలో వంగిన కొమ్మలు, వేలాడే కరెంటు తీగలు ఫోటో తీయించి డ్రైవరుకు పంపండి. 26 సీట్ల మినీ బస్సు చాలా తోటల్లోకి పోదు. రెండు టెంపో ట్రావెలర్లు మాట్లాడుకుంటే ఖర్చు కాస్త ఎక్కువైనా, ముసలివాళ్లు కిలోమీటరు మట్టిదారిలో నడవక్కర్లేదు. మదనపల్లె వైపు, తలకోన వైపు అయితే భాకరాపేట ఘాట్ చీకటి పడకముందే దాటేయాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్నవాళ్ల బస్సు లోయలో పడింది అక్కడే, రాత్రి పూటే.

ఇక వంట. వంటమనిషిని పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది, కానీ గిన్నెలెవరు తోముతారన్నది ముందే మాట్లాడుకోవాలి, వంటమనిషి తోమడు. ఇంట్లో ఉండే రెండు బర్నర్ల గ్లాసు స్టవ్వు మీద ఇరవై లీటర్ల దబర (పెద్ద వంటగిన్నె) పెట్టకండి. మంట చాలదు, బరువుకు గ్లాసు పగలొచ్చు. షామియానా సామాన్లు అద్దెకిచ్చే షాపులోనే పెద్ద పొయ్యి, దబరలు, గరిటెలు, జల్లి గంటె దొరుకుతాయి. గ్యాసు సిలిండరు వాడకంలో ఒకటి, నిండుది ఒకటి.

మధ్యాహ్నం అన్నానికి పెద్దవాళ్లకు నూట యాభై గ్రాముల బియ్యం, పిల్లలకు సగం: మూడు కేజీలు. నాటుకోడి కోసి శుభ్రం చేశాక అయిదు కేజీలుండాలి, అంటే బతికున్నవి ఏడు కేజీలకు పైగా, మధ్యరకంవి అయిదు. ఫారం కోడిలా అరగంటలో ఉడకదు, గంట పైనే వేసుకోండి. ఎర్రగడ్డలు రెండు కేజీలు, తెల్లగడ్డలు పావు కేజీ. తినేవాళ్లు కూర్చున్నాక ముక్క ఉడకలేదని తేలితే రాగి సంగటి చల్లారిపోతుంది, కాబట్టి ముందు పులుసు దించి, తర్వాతే సంగటి.

సంగటికి కేజీ బియ్యం, కేజింబావు రాగిపిండి, ఆరు లీటర్ల నీళ్లు. మూడు వందల గ్రాముల ముద్దలు పాతిక దాకా వస్తాయి. బియ్యం అరగంట నానబెట్టి, మెత్తగా, ఎసరు ఇంకా మిగిలి ఉండేలా ఉడికించండి. అప్పుడు పిండి మొత్తం మధ్యలో కుప్పగా పోయాలి. ఇక్కడే కొత్తవాళ్ల చెయ్యి ఊరుకోదు, వెంటనే కలుపుతారు, పిండి ఉండలు కడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. కలపకూడదు. కట్టెతో కుప్పలో నాలుగైదు చోట్ల అడుగుదాకా పొడిచి, మూత పెట్టి, సన్నసెగ మీద పది నిమిషాలు వదిలేయాలి. ఎసరు ఆ బొక్కల్లోంచి పైకి పొంగి పిండిని ఉడికిస్తుంది. తర్వాత దబర కిందికి దించి, ఒకరు అంచులు గుడ్డతో అదిమిపట్టుకోవాలి, ఒకరు కట్టెతో గోడకేసి రుద్దుతూ గెలకాలి. ఇద్దరు లేకుండా ఇది కాదు, దబర తిరిగిపోతుంది. కేజీ బియ్యానికి మించి ఒకే దబరలో వేస్తే ఎంత బలమున్నవాడికైనా కట్టె కదలదు. మరీ గట్టిగా అనిపిస్తే వేడినీళ్లు చల్లండి, చన్నీళ్లు పోస్తే విరిగిపోతుంది. తడిచేత్తో వేడి మీదే ముద్దలు చేసేయాలి. ఊరిబిండి పచ్చడి ఇంటి దగ్గరే రుబ్బి తీసుకెళ్తే శాకాహారులకూ దిగులుండదు.

డబ్బు విషయంలో కుటుంబానికింత అని పెడితే ఇద్దరే వచ్చినవాళ్లు లోలోపల నొచ్చుకుంటారు. పెద్దవాళ్లకు ఒక వాటా, పిల్లలకు అర వాటా వేస్తే ఇరవై ఒక్క వాటాలు. అద్దె, తిండి కలిపి 35,000 అయ్యిందనుకుంటే వాటా 1,667. అమ్మానాన్నల వాటా ఏ కొడుకు కట్టాలన్నది ఆ ఇంటికే వదిలేయండి, మధ్యలో దూరకండి. మందు ఖర్చు ఈ లెక్కలోకి రాకూడదు. డబ్బంతా ఒక్కరి ఫోన్‌కే వేయించి, ఖర్చు ఒక్కరే రాయాలి. వెళ్లేముందే సగం వసూలు చేయండి, తర్వాత అడగడం చుట్టరికాల్లో కుదరదు.

చీకటి పడ్డాక తోటలో టార్చిలైటు, చెప్పులు లేకుండా ఎవరూ తిరగకూడదు. కట్టెల మోపుల కింద, ఎండాకుల్లో రక్తపింజరి ఉంటుంది. కరిస్తే కట్లు బిగించడం, కోయడం లాంటివి చేయకుండా, కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి. తిరుపతి చుట్టుపక్కలైతే రుయా ఆస్పత్రికి ఎంత దూరమో, తోట లొకేషన్ ఏమిటో గ్రూపులో ముందే పెట్టేయండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి అంచున ఉన్న తోటల్లోకి రాత్రిళ్లు ఏనుగులు వస్తాయి. అక్కడ మంట వేసుకుని ఆరుబయట పడుకునే సరదా మానుకోండి, ఓనరు చెప్పిన గంటకు లోపలికి రండి. రాత్రి 10 తర్వాత స్పీకర్లు పెట్టకూడదన్న చట్టం తోటలకూ వర్తిస్తుంది, పక్క ఊళ్లోవాళ్లు పొద్దున నాలుగింటికే పాలు పితకాలి.

వెళ్లిన వెంటనే పగిలిన అద్దం, ఊడిన గొళ్లెం, చిరిగిన పరుపు వీడియో తీసి ఓనరుకు పంపేయండి, డిపాజిట్ దగ్గర మాటామాటా రాదు. బయల్దేరే రోజు అద్దె సామాను కడిగి, ఎండబెట్టి, చీటీ చూసి ఒక్కొక్కటీ లెక్కపెట్టి బండెక్కించండి. దబరలు పోవు. పోయేవి గరిటెలూ, మూతలూ. ఎక్కువసార్లు అవి మోటారు తొట్టి దగ్గర, పిల్లలు ఆడుకున్నచోట దొరుకుతాయి.