పాత పికప్ డోరులో నీళ్లు: చిత్తూరులో నా మరమ్మతు అనుభవం

మా పికప్ 2008 నాటిది. మామిడి కాలంలో తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయలను, మిగిలిన నెలల్లో చిత్తూరు నుంచి తిరుపతికి కూరగాయలను మోస్తుంది. నైరుతి జల్లులను ఎలాగో తట్టుకున్న ఈ బండి, అక్టోబరు తరువాత బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ఎడతెరిపి లేకుండా ముసురు కురిసేసరికి లొంగిపోయింది. తెల్లవారి డోరు తెరిస్తే డ్రైవరు కాళ్ల దగ్గర రబ్బరు మ్యాట్ కింద నీళ్లు నిలిచి ఉండేవి. బ్రేకు వేసినప్పుడల్లా డోరు అడుగున నీళ్లు ముందుకు జరిగే చప్పుడు కూడా వినబడేది. నా దృష్టిలో మ్యాట్ కింది తడి కంటే ఆ చప్పుడే పెద్ద ఆధారం, ఎందుకంటే డోరులో దిగిన నీరు బయటికి పోవడం లేదని అది స్పష్టంగా చెబుతోంది.

అయినా డోరును విప్పే ముందు మిగిలిన అనుమానాలను తీర్చుకోవడం అవసరం. ముందు అద్దం రబ్బరు పాడైతే నీరు డ్యాష్‌బోర్డు కింద నుంచి కారుతుంది. మా బండిలో అక్కడ పొడిగా ఉంది. ఏసీ లేదు కనుక దాని నీరు బయటికి పోయే గొట్టం గురించి ఆలోచించనక్కరలేదు. నాకు తెలిసిన ఒక టింకరింగ్ పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూసి, "డోరులోకి నీళ్లు దిగకుండా ఎవురూ ఆపలేరు సామీ, దిగిన నీళ్లు పోయే దోవ చూడాల" అన్నారు. ఈ ఒక్క మాట అర్థమైతే సగం పని తేలికవుతుంది. కిటికీ అద్దం పైకీ కిందికీ కదలాలి కాబట్టి దాని బయటి బీడింగ్ (అద్దానికి ఆనుకునే రబ్బరు పట్టీ) ఎంత కొత్తదైనా కొంత నీటిని లోపలికి వదులుతుంది. ఆ నీరు డోరు లోపలి రేకు వెంట జారి, అడుగున ఉన్న రంధ్రాల గుండా రోడ్డు మీద పడాలి. క్యాబిన్ వైపు రాకుండా దానిని ఆపేది డోర్ ప్యాడ్ (డోరుకు లోపలి వైపు ఉండే అట్ట కవరు) వెనుక అంటించిన ప్లాస్టిక్ షీటు మాత్రమే.

పరీక్షకు తోట పైపు, టార్చిలైటు, పాత దినపత్రికలు సరిపోయాయి. మ్యాట్ తీసేసి, నేలను తుడిచి, పత్రికలు పరచి, మా తమ్ముణ్ణి టార్చితో లోపల కూర్చోబెట్టాను. పైపును సన్నని ధారగా ఉంచి మొదట డోరు కింది అంచున, తరువాత కీళ్ల వైపు, ఆ పైన సైడ్ మిర్రర్ మొదట్లో, చివరికి అద్దం మీద పట్టాను. కింది నుంచి పైకి రావడమే ముఖ్యం. పైన మొదలుపెడితే నీరు అన్ని చోట్లా ఒకేసారి పారి ఏది దారో తెలియదు. కీళ్ల దగ్గర పట్టినప్పుడు కింది మూలలో చిన్న చెమ్మ కనిపించింది. అద్దం మీద పట్టిన కొద్దిసేపటికి మాత్రం ప్యాడ్ అడుగు నుంచి ధారగానే కారింది.

ప్యాడ్ విప్పడంలో చిక్కంతా అద్దాన్ని పైకీ కిందికీ తిప్పే గ్లాస్ హ్యాండిల్ దగ్గరే ఉంటుంది. దాని వెనుక ఉన్న సన్నని తీగ క్లిప్పును, పాత గుడ్డ పీలికను సందులోకి దూర్చి అటూ ఇటూ లాగితే ఊడదీయవచ్చు, అయితే అది ఎగిరి ఎక్కడో పడకుండా రెండో చేయి అడ్డం పెట్టాలి. ప్యాడ్ వెనుక అట్ట తడికి మెత్తబడి ఉంటుంది కనుక గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరును క్లిప్పు పక్కనే ఆనించి లేపాలి.

లోపల చూస్తే కారణం దాచుకోకుండా కనబడింది. ఇంటి ముందు వేపచెట్టు కింద బండి నిలిపిన ఏళ్లన్నిటి ఆకూ పూతా, ఎర్రమట్టితో కలిసి అడుగు రంధ్రాలను పూడ్చేశాయి. అంతకుముందు ఒక షాపులో గ్లాస్ మెషీన్ (డోరు లోపల అద్దాన్ని ఎత్తి దించే యంత్రం) బాగుచేసినప్పుడు ప్లాస్టిక్ షీటును చించి, ప్యాకింగ్ టేపుతో నాలుగు చోట్ల అతికించి వదిలేశారు. ప్యాడ్ బిగిస్తే ఎవరికీ కనిపించని పని కదా, చాలా చోట్ల ఇలాగే జరుగుతుంది. రంధ్రాలను ఇనుప తీగతో పొడిస్తే పెయింటు గీసుకుపోయి తుప్పు మొదలవుతుంది కాబట్టి ప్లాస్టిక్ కేబుల్ టైతో శుభ్రం చేసి, తేట నీరు వచ్చేదాకా కడిగాను. ఎండలో ఆరబెట్టిన తరువాత తుప్పును గీకి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పెయింటు పూసి, అది రంధ్రాలను మూయకుండా చూసుకున్నాను.

కొత్త షీటుకు మందపాటి పాలిథీన్ తెచ్చి, పాత షీటును కొలతగా పరచి కత్తిరించాను. పాత జిగురును కిరోసిన్‌తో తుడిచాక, ఆ జిడ్డు మీద టేపు అంటదు కనుక థిన్నర్‌తో మళ్లీ తుడవాలి. అంటించడానికి సిలికాన్ చాలని కొందరు చెబుతారు; నేను ఒప్పుకోను. పుల్లని వాసన వచ్చే రకం సిలికాన్ ఉత్త రేకును తుప్పు పట్టిస్తుంది, పైగా తరువాత ఎప్పుడైనా లాక్ విప్పాలంటే షీటును చింపక తప్పదు. నేను వాడిన నల్లని బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు టేపు) గట్టిపడదు, లాగితే వస్తుంది, నొక్కితే తిరిగి అంటుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది షీటు కింది అంచు: పై పెంకు నుంచి నీరు కింది పెంకు మీదికి జారినట్లు, షీటు మీద పడిన ప్రతి చుక్కా డోరు లోపలికే జారేలా ఆ అంచును రేకు సందులోకి దోపాలి. బయటకు వేలాడదీస్తే మిగతాది ఎంత శ్రద్ధగా అంటించినా ఫలితం ఉండదు.

ఇక కీళ్ల మూలలోని చెమ్మ. డోరు తెరిచి చివర పట్టుకుని ఎత్తితే స్పష్టంగా ఆడింది. అంటే కీళ్ల పిన్నులు అరిగాయి. వేలాడే డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ను కొత్తది వేస్తే అది కూడా తప్పుగానే అణుగుతుంది కాబట్టి ముందుగా పిన్నులు, బుష్‌లు మార్పించాను. డోరు మూసినప్పుడు లాక్ పట్టుకునే కొక్కెం పాత స్థానాన్ని పెన్సిలుతో గుర్తు పెట్టుకున్న తరువాతే దానిని సరిచేశాం. కొత్త బీడింగ్‌ను సాగదీయకుండా, మూలల్లో కాస్త వదులుగా ఉంచి, అతుకు అడుగు భాగంలో వచ్చేలా బిగించాము. డోరు సందులో కాగితం పెట్టి మూసి లాగితే చుట్టూ ఒకే బిగువు తెలియాలి. కింది మూలలో మొదట్లో సులువుగా జారిన కాగితం ఇప్పుడు పట్టి నిలిచింది.

మళ్లీ పైపు పట్టినప్పుడు అడుగు రంధ్రాల నుంచి నీరు ధారగా నేల మీద పడింది, లోపలి పత్రికలు తడవలేదు. ప్యాడ్‌ను ఆ తరువాతే బిగించాను. మ్యాట్ కింద ఉన్న పీచు పరుపు ఆరడానికి మాత్రం డోరు పనికంటే ఎక్కువ కాలం పట్టింది. దాని కింద నేల రేకుకు పట్టిన తుప్పు పైపైనే ఉండడంతో వెల్డింగ్ అవసరం పడలేదు. ఎడమ డోరులో రంధ్రాలు తెరిచే ఉన్నాయి గానీ షీటు అసలే లేదు. మిగిలిన పాలిథీన్ దానికి సరిపోతుంది.