ఐదో పీరియడు తరువాతి గొంతు

మధ్యాహ్నం స్టాఫ్ రూములో విన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆవిరి పట్టుకుని పడుకోవలసిన వేళ ఇలా రాయడానికి కూర్చున్నాను. పాఠాలు చెప్పీ చెప్పీ నా గొంతు రోజూ ఐదో పీరియడు ముగిసేసరికి బొంగురుపోతోంది. అది విని మా సీనియర్ ఒకాయన, "మైకు పెట్టుకునేది తరగతిని అదుపు చేయలేనివాళ్ళేనమ్మా, రెండు రోజులు గుసగుసగా మాట్లాడండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. ఆ రెండు ముక్కలకూ నాకు కోపం వచ్చింది. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి దొరకదు సరికదా, చాలామందికి స్వరపేటిక ఇంకా బిగుసుకుంటుంది. అంతకంటే మెల్లగా, మామూలు గొంతుతో మాట్లాడడమో, అసలు మాట్లాడకపోవడమో మేలు.

ఇక అదుపు సంగతి. ఎనిమిదో తరగతి గదిలో ఫ్యాను తిరిగినంతసేపూ కటకటలాడుతుంది, కిటికీ అవతల లారీల హారన్లు, గోడ అవతల ఇంకో తరగతి. చుట్టూ రొద ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే చెప్పాడు. మామూలుగా మాట్లాడుతున్నప్పుడే ఆడవాళ్ళ స్వరతంత్రులు, అంటే గొంతులో అదిరి ధ్వని పుట్టించే రెండు మడతలు, సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. గొంతు పెంచినకొద్దీ ఆ తాకిడి బలమవుతుంది. ఏళ్ళ తరబడి అలాగే సాగితే, పార పట్టిన అరచేతిలో కాయలు కాసినట్టు వాటి మీదా కాయలు కాస్తాయి. ఇందులో నా అదుపు ఎక్కడ తక్కువైందో ఆయనే చెప్పాలి.

సాయంత్రం అమ్మ మళ్ళీ కరక్కాయ ముక్క చేతిలో పెట్టి, తాతయ్య గొంతు దీనితోనే నిలిచిందంది. తాతయ్య తిరనాళ్ళలో కృష్ణుడి వేషం కట్టేవారు. తెల్లవార్లూ పద్యాలు పాడి వచ్చిన మరునాడు ఆయన నోట ఒక్క మాట వచ్చేది కాదు, ఏం కావాలన్నా నా పలక తీసుకుని దాని మీదే రాసేవారు. బుగ్గన కరక్కాయ ముక్క ఉబ్బెత్తుగా కనిపిస్తూ ఉండేది. మాలో ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, పలక మీద పెద్ద అక్షరాలతో "మింగు" అని రాసి మొహం ముందు పెట్టేవారు. గొంతు సవరించినప్పుడల్లా స్వరతంత్రులు గట్టిగా కొట్టుకుంటాయని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు, అయినా ఆ సంగతి పట్టుకున్నారు. ఆటకు ముందు హార్మోనియం మాస్టారి పక్కన కూర్చుని ఒక పద్యం ఎత్తి చూసుకుని, ఆ రోజు పైస్థాయి పలకదనిపిస్తే శ్రుతి తగ్గించమనేవారు. అందుకు ఆయన ఏనాడూ నామోషీ పడలేదు.

రాస్తుంటే ఆ ఘనతంతా కరక్కాయదే కాదనిపిస్తోంది. దాని వగరుకు నోట్లో లాలాజలం ఊరుతుంది, మింగుతూ ఉంటే గరగర అణుగుతుంది, అంతవరకు మేలే. తాగిన నీళ్ళయినా స్వరతంత్రులను నేరుగా తాకవు, అన్నం దిగే దారినే పోతాయి. ఒళ్ళంతటికీ తడి అందాలి కాబట్టి పొద్దుటి నుంచే కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. ఆవిరి మాత్రం నేరుగా అక్కడికి చేరుతుంది.

రెండు రోజులు సెలవు పెట్టి తాతయ్యలా మౌనంగా ఉందామని ఇందాకటి వరకు అనుకున్నాను. ఇప్పుడు వద్దనిపిస్తోంది. తిరిగి వెళ్ళేది అదే గదికి, అదే ఫ్యాను కిందికి. ఆయనకు ఆటకూ ఆటకూ మధ్య రోజులు దొరికేవి, నాకు పీరియడుకూ పీరియడుకూ మధ్య గంట కొట్టేంత వ్యవధి కూడా లేదు. ఆరో పీరియడులో ఒక పిల్లవాడు తానే లేచి పద్యం రాగం తీసి చదివాడు, ఎంత హాయిగా ఉందో! రేపటి నుంచి పద్యాలు వాళ్ళ చేతనే చదివిస్తాను.

నాలుగు వారాలు దాటినా ఈ బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకుంటాను, ఇంకా కషాయాలతో కాలం గడపను. ఫ్యాను బాగుచేయించమని రేపే కాగితం రాసిస్తాను. నడుముకు కట్టుకునే చిన్న మైకు కూడా కొంటాను, శనివారం తల్లిదండ్రుల సమావేశంలో దానితోనే మాట్లాడతాను.