పక్క టీమ్ వదిలేసిన ఫైల్

విజయనగరంలో ఇంజనీరింగ్ చదివేవాళ్లకి సీటీఎఫ్ ఇప్పుడు కొత్తేం కాదు. పూర్తి పేరు క్యాప్చర్ ద ఫ్లాగ్. సర్వర్‌లోనో ఫైల్‌లోనో దాచిన చిన్న అక్షరాల వరుసే ఫ్లాగ్. దాన్ని బయటికి లాగి స్కోర్‌బోర్డులో పెడితే పాయింట్లు. లాస్ వేగాస్‌లో డెఫ్ కాన్ అనే హ్యాకర్ల సదస్సు వాళ్లు 1996 నుంచీ ఈ ఆట ఆడిస్తున్నారు. మా గదిలో వాళ్లమంతా కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నడిపే పికోసీటీఎఫ్ అనే పోటీతో సాధన చేసినవాళ్లమే.

ఈసారి ఓ ఆన్‌లైన్ పోటీకి రింగ్ రోడ్డు దగ్గరి మా అద్దె గదిలోనే కూర్చున్నాం. వెబ్ విభాగంలో ఓ ప్రశ్న: పేరు అడిగి హలో చెప్పే పేజీ. పేరు బదులు రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య 7*7 కొడితే "హలో 49" అంది. ఇంకేముంది, టెంప్లేట్ ఇంజెక్షన్! అంటే మనం కొట్టినదాన్ని పేజీ పేరులా కాక కోడ్‌లా నడిపేస్తోంది. కాసేపట్లో సర్వర్‌లోకి దిగిపోయాం. కానీ ఫ్లాగ్ ఫైల్ రూట్ యూజర్‌కి, అంటే సర్వర్ మీద సర్వాధికారాలున్న ఖాతాకి, తప్ప తెరుచుకోదు.

దారి వెతుకుతూ తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌లోకి వెళ్తే, వేరే టీమ్ వాళ్లు ఈ ప్రశ్న కోసం రాసుకున్న పైథాన్ స్క్రిప్టు, దాని అవుట్‌పుట్ ఫైల్ పక్కపక్కనే ఉన్నాయి. టీమ్‌లన్నిటికీ ఒకటే సర్వర్ ఇచ్చారన్నమాట.

"తెరిసీరా, ఏటి సూస్తన్నావు? రూల్స్‌లో ఎక్కడా లేదు కదా" అన్నాడు మావాడు.

నిజంగానే లేదు. ఫ్లాగులు పంచుకోకూడదు, స్కోర్‌బోర్డు జోలికి వెళ్లకూడదు, అంతే రాశారు. పైగా వాడి దగ్గర గట్టి పాయింటే ఉంది. టీమ్‌లు ఒకరి సర్వర్ మీద ఒకరు దాడి చేసుకునే అటాక్-డిఫెన్స్ పోటీల్లో ఎదుటి టీమ్ మన మీద వేసిన ఎక్స్‌ప్లాయిట్‌ని (దాడి కోడ్‌ని) నెట్‌వర్క్ ట్రాఫిక్‌లోంచి పట్టుకుని, తిరిగి ఇంకో టీమ్ మీద వేస్తే శభాష్ అంటారు. అయితే అక్కడ ఒకరినొకరు కొట్టుకోడానికే బరిలోకి దిగుతారు. ఇక్కడ మన పోటీ ప్రశ్న తయారుచేసినవాడితో. పక్క టీమ్ మనల్ని రమ్మని పిలవలేదు.

ఫైల్ తెరవలేదు. ఫోల్డర్ జాబితాకి స్క్రీన్‌షాట్ తీసి, ఏం కనిపించిందో, ఏది ముట్టుకోలేదో రాసి నిర్వాహకులకి టికెట్ పెట్టాం. సర్వర్ రీసెట్ చేసి, ఆ ప్రశ్నకి టీమ్‌కో కంటైనర్, అంటే విడి సర్వర్ లాంటిది, ఇచ్చారు. ఈలోగా మావాడి సణుగుడు సరేసరి.

అదే పోటీలో ఇంకో ప్రశ్నకి, తయారుచేసినవాళ్లు కోడ్ పాత రూపాలన్నీ దాచే డాట్ గిట్ ఫోల్డర్ తీసేయడం మరిచిపోయారు. పాత కమిట్‌లో (అప్పట్లో సేవ్ చేసిన రూపంలో) ఫ్లాగ్ అలాగే ఉంది. దాన్ని మాత్రం మొహమాటం లేకుండా పెట్టేశాం, ఎలా దొరికిందో కూడా చెప్పాం. "మేం అనుకున్న దారి కాదు గానీ చెల్లుతుంది" అన్నారు. "ఇదేటి, ఇది దొంగతనం కాదేటి?" అని మావాడు ఎగతాళి. కాదు. వాళ్ల ప్రశ్నని పగలగొట్టమన్నది వాళ్లే. ఆ అనుమతి పోటీ సర్వర్ గడప దాటితే చెల్లదు. బయట ఇదే పని దురుద్దేశంతో చేస్తే, ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

రూట్ ప్రశ్న మాత్రం మాకు తెగలేదు. పోటీ అయ్యాక రైటప్ (జవాబు వివరణ) చదివితే, మామూలు యూజర్ కూడా రూట్ అధికారంతో నడపగలిగే సుడో జాబితాలో, ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్ వదిలారట. అదొక్కటి చాలు రూట్ అయిపోడానికి! ఇప్పుడు ఏ పోటీలో చేరినా, ముందుగా నిర్వాహకులకి మెసేజ్ పెట్టేది మావాడే: "సర్వర్ టీమ్‌కొకటా, అందరికీ ఒకటేనా?"