నీళ్ళు నడవకూడని దారి

నాన్న అమెరికా వచ్చి మూడు వారాలైంది. అప్పటికే కాస్ట్‌కో రెండుసార్లు, గుడి నాలుగుసార్లు, అట్లాంటా అక్వేరియం ఒకసారి అయిపోయాయి. "ఆ చేపల తొట్లు ఇంక చాల్రా. ఏదైనా ఏరు చూపించు" అన్నాడు ఒక బుధవారం రాత్రి అన్నం తింటూ. కృష్ణా డెల్టా కాలవల మీద ముప్పయ్యేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. షూ వేసుకోమంటే విసుక్కుంటాడు గానీ, కాలవ గట్టు మీద పది కిలోమీటర్లు నడవమంటే లుంగీ ఎగ్గట్టి బయల్దేరతాడు.

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన కమింగ్ అనే ఊళ్ళో. చాటహూచీ నది మాకు దగ్గరే. ఆ శనివారం ఆ నది ఒడ్డున జోన్స్ బ్రిడ్జ్ అనేచోట ట్రెయిల్, అంటే నడకదారి, వేసే పనికి నేను వాలంటీర్‌గా పేరిచ్చి ఉన్నాను. సరే, శుక్రవారం సెలవు పెట్టి పైన డ్యామ్ దగ్గర మొదలుపెడదాం, నది వెంట కిందికి దిగుతూ శనివారానికి ట్రెయిల్ దగ్గరికి చేరదాం అనుకున్నాం. మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది. "మామయ్యగారూ, మీరు మాత్రం పార పట్టుకోకండి, నడుం జాగ్రత్త" అని చెప్పి మరీ పంపింది. ఆ మాట ఎంతసేపు నిలబడిందో తర్వాత చెప్తాను.

బ్యూఫోర్డ్ డ్యామ్ గేట్లు 1956లో మూశారు. దాని వెనకాల నిండిందే లేక్ లేనియర్. డ్యామ్ కింద ఒడ్డుకి దిగగానే నాన్న చేసిన మొదటి పని వంగి నీళ్ళలో చెయ్యి పెట్టడం. వెంటనే వెనక్కి లాక్కున్నాడు. "ఇదేంట్రా, ఫ్రిజ్‌లోంచి వస్తున్నాయా?" జలాశయం అడుగు నుంచి వదులుతారు కాబట్టి ఎండాకాలంలో కూడా ఆ నీళ్ళు పది డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. ఈ చలి వల్లే ఇంత దక్షిణాన ట్రౌట్ చేపలు బతుకుతున్నాయి. రబ్బరు ప్యాంట్లు వేసుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి గాలం వేసేవాళ్ళు అరడజను మంది కనబడ్డారు. కరెంటు తీయడానికి నీళ్ళు వదిలే ముందు సైరన్ మోగుతుంది, నిమిషాల్లో నది అడుగులకు అడుగులు లేస్తుంది అని బోర్డులు పెట్టారు. "ఎన్ని క్యూసెక్కులు?" అని అడిగాడు నాన్న. తెలీదన్నాను. ఇంజనీరింగ్ చదివించినందుకు విచారిస్తున్నట్టు చూశాడు.

రాత్రి ఇంటికొచ్చాక ఆయనకి ఈ నది కథ చెప్పాను. అట్లాంటా చుట్టుపక్కల తాగేది ఎక్కువగా ఈ నీళ్ళే. ఊరు నది మీదికి ఎగబడుతోందని 1973లో జార్జియా ఒక చట్టం చేసింది. నదికి రెండు వైపులా 2000 అడుగుల దాకా ఏం కట్టాలన్నా ముందు లెక్క చూపించాలి. నీటి అంచు నుంచి 50 అడుగుల వరకు చెట్టూచేమా ఉన్నవి ఉన్నట్టు వదిలేయాలి. 150 అడుగుల లోపల నీళ్ళు ఇంకని కాంక్రీటు, తారు లాంటివి వేయకూడదు. అప్పుడు గవర్నర్ జిమ్మీ కార్టర్. ఆయనే ప్రెసిడెంట్ అయ్యాక 1978 ఆగస్టులో డ్యామ్ నుంచి పీచ్‌ట్రీ క్రీక్ దాకా 48 మైళ్ళ నదిని జాతీయ పార్కుల కిందికి తెచ్చాడు. "వేరుశనక్కాయల రైతు కదూ?" అన్నాడు నాన్న. అవునన్నాను. "రైతే అయ్యుంటాడులే" అని పడుకున్నాడు.

శనివారం పొద్దున్న ఎనిమిదికి జోన్స్ బ్రిడ్జ్ చేరాం. ఆ పేరు పెట్టించిన బ్రిడ్జి ఇప్పుడు లేదు. 1904లో కట్టిన ఇనుప వంతెన. పాడుబడ్డాక ఒకరోజు పనివాళ్ళు వచ్చి సగం విప్పి పట్టుకెళ్ళారట. వాళ్ళకి ఆ పని ఎవరూ అప్పజెప్పలేదని తర్వాత తెలిసిందట. మిగిలిన సగం 2018లో నదిలోకి కూలింది. "మన దగ్గర తూము తలుపులు ఎత్తుకెళ్ళినట్టే" అన్నాడు నాన్న. పరాయి దేశంలో తెలిసిన మనుషులు తగిలినంత సంతోషం ఆయన మొహంలో.

ఇక ట్రెయిల్ సంగతి. నేను ఈ పనికి వచ్చిందే నది పక్కన నడవడం ఇష్టమై. తీరా చూస్తే మా పని దారిని నది నుంచి దూరంగా జరపడం. పాత దారి ఒడ్డుని ఒరుసుకునే పోతుంది. ఎవరూ వేసింది కాదు. గాలం వేసేవాళ్ళూ, కుక్కల్ని తిప్పేవాళ్ళూ, నాలాంటివాళ్ళూ నడిచీ నడిచీ పడింది. వాన పడితే మధ్యలో బురద, బురద తప్పించుకోవడానికి పక్కన గడ్డి మీద నడక, ఆ గడ్డి పోయాక ఇంకాస్త పక్కకి. రెండడుగుల దారి కొన్నిచోట్ల పన్నెండు అడుగులైంది. ఒడ్డున ఉన్న సికమోర్ చెట్టు వేళ్ళు మట్టి పోయి గాల్లో వేలాడుతున్నాయి. ఆ కింద నీళ్ళు ఎర్రగా, నూజివీడు మామిడితోటల్లో వానాకాలపు గుంటల్లాగా ఉన్నాయి.

మా క్రూ లీడర్ డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. టేపు తీసి నీటి అంచు నుంచి 50 అడుగులు కొలిచి, అక్కడ నారింజ రంగు చిన్న జెండాలు గుచ్చింది. ఆ గీతకి కింద ఎవరూ మట్టి తవ్వకూడదు, తవ్విన మట్టి కూడా అటు పడకూడదు. కొత్త దారి గీతకి పైన, కొండవాలు మీద. నది చూడాలనుకునేవాళ్ళ కోసం ఒక్కచోట మాత్రం రాళ్ళు పరిచిన చిన్న పక్కదారి నేరుగా ఒడ్డుకి దిగుతుంది. జనం ఎలాగూ దిగుతారు, పది చోట్ల దిగే బదులు ఒకచోట దిగనీ అని.

చేతికి ఇచ్చిన పనిముట్లు రెండు. ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క బాడిసలాంటి మొన ఉన్నది పులాస్కీ. ఒక పక్క పళ్ళు, ఇంకో పక్క వెడల్పు పలక ఉన్నది మెక్లౌడ్. ముందు ఆకులూ చెత్తా గీకి పక్కన దాచాలి, చివర్లో మళ్ళీ కప్పడానికి. తర్వాత వాలులోకి మెట్టులా తవ్వాలి. కొండ వాలు ఎంతుందో దాంట్లో సగానికి మించి దారి వాలు ఉండకూడదు. మొత్తం మీద నూటికి పది దాటకూడదు. దారి కాస్త దూరం ఎక్కాక కొంచెం దిగాలి, మళ్ళీ ఎక్కాలి. పైగా దారి మొత్తం బయటి అంచు వైపు కొద్దిగా వంగి ఉండాలి. పైనుంచి వచ్చిన నీళ్ళు దారిని అడ్డంగా దాటి, అవతల ఆకుల్లోకి పలచగా పోవాలి. ఆ 50 అడుగుల ఆకులూ వేళ్ళే మట్టిని పట్టుకుని, వడకట్టిన నీళ్ళని నదికి ఇస్తాయి.

నాన్న మడత కుర్చీలో కూర్చుని ఇదంతా విన్నాడు. ఇంగ్లీషు సగమే పట్టుకున్నా విషయం మొత్తం పట్టుకున్నాడు. "అంటే మా పనికి ఎదురు పనిరా ఇది. మేం నీళ్ళు కాలవ వెంట పారాలని వాలు ఇస్తాం. వీళ్ళు పారకూడదని ఇస్తున్నారు."

నేను గంటన్నర తవ్వి పదడుగులు వేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఫొటో కూడా తీసుకున్నాను. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి, స్టీలు బాటిల్ మూత తీసి, దారి మధ్యలో గుమ్మరించాడు. నీళ్ళు బయటి అంచు దాకా వెళ్ళాయి. అక్కడ ఆగాయి. ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిలబడి, ఎడమకి తిరిగి, దారి వెంటే నా బూట్ల దాకా పాకాయి. నేను తవ్విన మట్టి అంచున రెండంగుళాల గట్టులా పేరుకుపోయింది. నాకు కనబడనే లేదు. "కాలవ తవ్వావురా" అన్నాడు. ముప్పయ్యేళ్ళలో ఎవరినైనా ఆ మాట అని తిట్టి ఉంటాడనుకోను.

పెద్దావిడ వచ్చి చూసి, నవ్వి, నాన్నకి దణ్ణం పెట్టింది. ఎక్కడ నేర్చుకుందో. మెక్లౌడ్ పలకతో ఆ గట్టు చెక్కేసి, మట్టిని బకెట్లలోకెత్తి పైకి మోశాం. అంచు గుండ్రంగా అణగగొట్టి మళ్ళీ నీళ్ళు పోస్తే ఈసారి ఆగకుండా అవతలికి దూకాయి. నడుం జాగ్రత్త అన్న మాట సరిగ్గా అక్కడ పోయింది. పార కాదు, మెక్లౌడ్ కదా అని నాన్న వాదన.

నేను చేసిన రెండో ఘనకార్యం ప్రివెట్. చైనా నుంచి కంచె మొక్కగా తెచ్చిన పొద, ఇక్కడి వాగుల ఒడ్లన్నీ సర్కారు తుమ్మలా ఆక్రమించింది. గీతకి కింద కనబడితే ఊపు మీద రెండు మొక్కలు వేళ్ళతో సహా పీకాను. "పీకొద్దు, కొయ్యి!" అని అరిచింది పెద్దావిడ. ఒడ్డు దగ్గర పీకితే మట్టి వదులై మొదటి వానకే కొట్టుకుపోతుంది. మొదలు కోసి మందు పూసి వదిలేయాలి. ఆ పొదల మధ్యే పాయిజన్ ఐవీ తీగ కూడా ఉందని మూడో రోజు నా చేతులు దద్దుర్లెక్కాక తెలిసింది.

మధ్యాహ్నం పులిహోర తింటుంటే గమనించాను, పొద్దున్న కనబడిన బండలు ఇప్పుడు లేవు. పైన డ్యామ్‌లో ఎప్పుడో వదిలిన నీళ్ళు ఇక్కడికి చేరాయి. నాన్న నది వైపు చూస్తూ, "మన విజయవాడ బుడమేరుకి ఇలా యాభై అడుగులు వదిలినా 2024 వరదల్లో అంత అయ్యేది కాదేమో" అన్నాడు. ఆ సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో మా ఇంట్లో నడుంలోతు నీళ్ళు. నాన్న నాలుగు రోజులు మేడ మీద ఉన్నాడు. నేనిక్కడ ఫోన్ చేతిలో పెట్టుకుని టెన్షన్‌తో చచ్చాను.

"మన ఇల్లు కూడా అక్కడే కట్టాం కదా నాన్నా" అన్నాను.

"స్థలం చవగ్గా వచ్చిందిరా" అన్నాడు కాసేపాగి. పులిహోర డబ్బా మూత పెట్టాడు.

సాయంత్రానికి పదహారు మందిమి కలిసి వేసింది 180 అడుగులు. అంతే. చివరి గంట పాత దారి మూసే పని. గట్టిపడిన నేలని పులాస్కీతో గుల్ల చేసి, పడిపోయిన కొమ్మల్ని అడ్డంగా ఈడ్చి, ఆకులు చల్లాం. కొన్ని కొమ్మల్ని కావాలనే నిలువుగా పాతాం. దూరం నుంచి చూస్తే అక్కడ దారి ఉన్నట్టే అనిపించకూడదు. చలికాలంలో ఆ ఒడ్డున విల్లో, డాగ్‌వుడ్ కొమ్మలు గుచ్చుతారట, అవే వేళ్ళూనుకుంటాయి.

పని ముగించే వేళకి ఒక జంట, చిన్న పాపతో వచ్చారు. మా కొమ్మల గుట్ట దగ్గర ఆగి మమ్మల్ని చూసి, "తెలుగువాళ్ళేనాండీ? ఇక్కణ్ణుంచి నీళ్ళ దగ్గరికి దారి లేదా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఉందమ్మా, పైనుంచి చుట్టూ తిరిగెళ్ళాలి" అన్నాడు నాన్న.

"ఇక్కడే కనబడుతోంది కదా అంకుల్" అన్నాడు ఆమె భర్త, కొమ్మల మీదుగా కాలెత్తబోతూ.

నాన్న అతని మోచెయ్యి పట్టుకున్నాడు. పదండి, నేను చూపిస్తా అని ముగ్గుర్నీ వెంటబెట్టుకుని కొత్త దారి ఎక్కాడు. నేను పనిముట్లు లెక్కపెట్టి బండిలో వేసి తలెత్తి చూసేసరికి, వాళ్ళని దారి మధ్యలో ఆపి స్టీలు బాటిల్ మూత తీస్తున్నాడు.