గమ్ నమిలి దొంగనయ్యాను

సిగరెట్ మానితే మా కంపెనీ 500 డాలర్లు ఇస్తుంది. ఆ డబ్బు నిన్న జీతంతో పాటు పడింది. దానికోసం నేను పడ్డ అవమానం ఎక్కడో ఒకచోట కక్కకపోతే నిద్ర పట్టేలా లేదు.

మేం ఉండేది డల్లాస్ దగ్గర. గుంటూరులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు అంటుకున్న అలవాటు, ఇరవై ఏళ్లు వదల్లేదు. పేరు నమోదు, వారానికోసారి కౌన్సెలర్ ఫోను, అవన్నీ సులువే. మొదటి పది రోజులు నాకంటే ఇంట్లోవాళ్లకే నరకం. నికోటిన్ గమ్ నమలమని కౌన్సెలరే చెప్పింది. ఆర్నెల్లలో ఒక్క దమ్ము లాగలేదు.

తర్వాత మూత్రపరీక్ష. ల్యాబ్‌లో జేబులు ఖాళీ చేయించారు. టాయిలెట్లో నీలం నీళ్లు, ఫ్లష్ నొక్కకూడదట, తలుపు బయట ఒకావిడ కాపలా. నలభై దాటినవాణ్ణి, వెచ్చటి డబ్బా పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాను. పోన్లే అనుకున్నా. నాలుగు రోజులకి మెయిలొచ్చింది: పాజిటివ్.

హెచ్ఆర్‌కి ఫోన్ చేస్తే, "అందరూ తాగలేదనే చెప్తారు" అంది అవతలి మనిషి. ఫోను స్పీకర్లో ఉంది, మా ఆవిడ పక్కనే ఉంది. ఏమీ అనలేదు. ఆ రాత్రి నా చలికోటు వాసన చూస్తూ కంటబడింది. ల్యాబ్‌లో డబ్బా పట్టుకున్నప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు.

అసలు సంగతి మా డాక్టర్ చెప్పాడు. ఆ పరీక్ష వెతికేది పొగని కాదు, కొటినిన్‌ని. నికోటిన్ సిగరెట్ నుంచి వచ్చినా గమ్ నుంచి వచ్చినా ఒంట్లో కొటినిన్‌గానే మారుతుంది. నమలమన్నదీ వాళ్లే, దొంగ అన్నదీ వాళ్లే! అనాబసిన్ పరీక్ష వేరే ఉంది. ఆ పదార్థం పొగాకులో ఉంటుంది, గమ్‌లో ఉండదు. అది చేయించడానికి మూడు వారాలు, ఏడు ఫోన్లు. నెగెటివ్ వచ్చింది. సారీ మాత్రం రాలేదు.

గమ్, ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ వాడేవాళ్లు శాంపిల్ ఇవ్వకముందే ఆ మాట మెయిల్లో పెట్టండి. ఫోన్లో తియ్యగా మాట్లాడేవాళ్లని అస్సలు నమ్మకండి.

"డబ్బు మీద ఆశతో ఎవడైనా మానతాడా" అన్నాడొక ఫ్రెండ్. 2009లో జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగులు 878 మందిపై చేసిన అధ్యయనం వచ్చింది. 750 డాలర్ల దాకా ఇస్తామన్న గుంపులో 14.7 శాతం మానేశారు, ఇవ్వని గుంపులో 5 శాతమే. డబ్బిస్తామన్నా నూటికి ఎనభై అయిదు మంది మానలేకపోయిన చోట నేను మానాను, అదీ చూడాలి కదా.

టాక్సులు పోను చేతికొచ్చింది 350. మా ఆవిడ పొద్దున్నే ఆ కోటు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చొచ్చింది, నాతో చెప్పకుండానే.