మల్లన్న దారిలో బావ లేని నడక

మొన్నటి శివరాత్రికి నల్లమల అడవి దారిన శ్రీశైలానికి నడిచి వెళ్లాను. చిన్ననాటి నుంచి ఎరిగిన దారే అయినా, బావ తోడు లేకుండా అందులో అడుగు పెట్టడం ఇదే మొదటిసారి.

ఆయన నా మేనత్త కొడుకు. ఒకే వీధిలో పెరిగాము, ఒకే బడిలో చదివాము. తరువాత ఆయన మా చెల్లెలిని పెళ్లి చేసుకోవడంతో చుట్టరికం రెండింతలైంది గాని, స్నేహం మాత్రం అప్పటికే పెరగడానికి చోటు లేనంతగా నిండి ఉండింది. మా నాన్న వెంట, అంటే ఆయనకు మేనమామ వెంట, 1986లో తొలిసారి ఇద్దరమూ ఈ దారి నడిచాము. రెండేళ్ల కిందటి వేసవిలో ఒక తెల్లవారుజామున బావ నిద్రలోనే వెళ్లిపోయారు. సంవత్సరీకం జరిగేదాకా ఇంట్లో ఎవరమూ కొండ ఎక్కలేదు.

ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నడక మొదలవుతుంది. నాగలూటి వీరభద్రస్వామి గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం ఈ దారిలోని మజిలీలు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి గురించి, 14వ శతాబ్దంలో ఈ రాళ్లు మోసిన పేరు తెలియని కూలీల గురించి బావ ప్రతి ఏడూ పిల్లలకు చెప్పేవారు. చెంచులు మల్లన్నను తమ అల్లుడంటారని, కన్నడ భక్తులు భ్రమరాంబను తమ ఆడపడుచంటారని చెప్పి, ఈ కొండ మీదికి వచ్చేవాళ్లందరూ దేవుడికి చుట్టాలేనని మురిసిపోయేవారు.

బావ ఎప్పుడూ గుంపుకు చివరనే నడిచేవారు. చెప్పు తెగినవారు, మోకాలు పట్టేసినవారు, పిల్లలను చంకనెత్తుకున్న తల్లులు వెనకబడతారని, అడవిలో వెనకబడ్డ మనిషికి ఇంకా వెనక ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం కావాలని ఆయన నమ్మకం. "నువ్వు ముందు పో బావా, నేను వస్తాండా" అనే ఆ గొంతు ఇన్నేళ్లూ నా వీపు వెనకనే ఉండేది. ఈసారి నాగలూటి మెట్ల మీద ఎన్నిసార్లు ఆగి వెనక్కి తిరిగి చూశానో లెక్క లేదు.

పెచ్చెరువు దగ్గర ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊళ్లవాళ్లు వేసిన పందిళ్లలో అన్నం వడ్డిస్తున్నారు, ఎక్కడో భజన సాగుతున్నది. అలసిన ముసలివాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు వద్దంటున్నా వినకుండా, సీసాలో తెచ్చిన ఆముదం వాళ్ల పాదాలకు రాసిన తరువాతే బావ పడుకునేవారు. ఆ సీసాను ఈసారి చెల్లెలు నా సంచిలో పెట్టింది. నేను ఇద్దరికి మాత్రమే రాయగలిగాను. కొత్తవాళ్ల కాళ్లు పట్టుకోవడానికి ఆయనకు లేని బిడియం నాకు అడ్డం వచ్చింది.

మరునాడు భీముని కొలను లోయలోకి దిగి, అవతల కైలాసద్వారానికి నిట్టనిలువుగా ఎక్కేటప్పుడు, మా ఊరివాళ్లను ముందుకు పంపి నేను చివరన నిలబడ్డాను. నాలుగు మెట్లకొకసారి కూర్చుంటున్న ఒక ముసలామె కనబడితే, ఆమె లేచేదాకా ఆగి, మళ్లీ వెనకనే నడుస్తూ వచ్చాను. నన్ను చూసి ఆమె, "మీవాళ్లు ముందు పోయినారా నాయనా?" అని అడిగింది. "పోయినారమ్మా" అన్నాను. ఆ మాట అన్న తరువాత కొంతసేపు నేను కూడా ఆ మెట్టు మీదనే కూర్చుండిపోయాను. ఆమె ఏమీ అడగలేదు. తన సీసాలోని నీళ్లు ఇచ్చింది.

హాటకేశ్వరం మీదుగా సాక్షి గణపతి గుడికి చేరుకున్నాము. చేత పుస్తకం, గంటం పట్టిన ఆ స్వామికి పేరు, గోత్రం చెప్పుకుంటే, ఫలానావాడు వచ్చాడని ఆయన శివుడికి సాక్ష్యం చెబుతాడని నమ్మకం. ఉద్యోగం వల్ల నేను రాలేని ఏళ్లలో నా పేరు కూడా బావే చెప్పి వచ్చేవారు. వచ్చినవాళ్లే చెప్పాలి గదా అని నేనంటే, నా కాళ్లు రాకపోతేనేమి, నా ధ్యాసంతా ఇక్కడనే ఉంటుందని ఆయన వాదించేవారు. ఆ రోజు ఆయన పేరు, గోత్రం గట్టిగా చెప్పి, ఆ తరువాతే నావి చెప్పాను. మల్లన్న దర్శనం క్షణంలో ముగిసింది. ఆ తోపులాటలో నాకు కనబడింది దీపం వెలుగు ఒక్కటే.

ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాక, మా చెల్లెలు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి, "పేరు చెప్పినావా అన్నా?" అని అడిగింది. ఎవరి పేరో ఆమె అనలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట ఆ పేరు నేను వినలేదు.

"చెప్పినానమ్మా, ముందు ఆయనదే" అన్నాను.

ఆమె నా పాదాల మీది పొక్కులు చూసి, ఆముదం వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది.