వంగడం ఎవరిదో ఆకు ముక్క చెబుతుందా?

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే వంగడం ఎవరిదో తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. అంత సులువు కాదు. 2001 నాటి మన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద వంగడం మీద హక్కుకు రక్షణ కావాలంటే అది పొలంలో నిగ్గు తేలాలి: తెలిసిన రకాలకన్నా విడిగా కనిపించాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, తరాలు మారినా గుణాలు నిలవాలి.

సాంబ మసూరి వరి (బీపీటీ 5204), దాని మెరుగైన రూపమే తీసుకోండి. రెండోదానిలో బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చారు: ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. మిగతాదంతా దాదాపు పాతదే. ఏవో పది మార్కర్లు (డీఎన్ఏలో తేడాలు పట్టిచ్చే గుర్తులు) వేస్తే రెండూ ఒకటేనని రావచ్చు. ఆ మూడు చోట్లా వెతికితేనే తేడా దొరుకుతుంది.

హైబ్రిడ్ స్వచ్ఛతకు మాత్రం మార్కర్లను మించినది లేదు. మొక్కలు పెంచి చూడటానికి ఒక పంటకాలం ఆగనక్కర్లేదు. తల్లిదండ్రుల మధ్య తేడా చూపే మార్కర్ ఎంచుకుంటే అసలైన హైబ్రిడ్‌లో ఇద్దరి బ్యాండ్లూ (పరీక్షలో కనిపించే డీఎన్ఏ గీతలు) పడతాయి. తల్లిది ఒక్కటే పడితే అది హైబ్రిడ్ కాదు. ఆకులన్నీ కలిపి నూరారో, కల్తీ అందులో దాగిపోతుంది. మొక్కకో నమూనా విడిగా తీయాల్సిందే.

రక్షణ గడువు పంటలకు 15 ఏళ్లు, చెట్లకు, తీగజాతులకు 18. రైతు మాత్రం ఆ విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు వేసి అమ్మితేనే చిక్కు.